అన్ని వాల్వు జబ్బులూ ఒకటి కావు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఏడు ఏదైనా ఆరోగ్య విషయం మీద మాట్లాడవలసినదిగా కార్యదర్శి గారు కోరినప్పుడు, షుగరు గురించి చెప్పమంటారా, బి.పి. గురించి చెప్పమంటారా అని మేము అడిగాము. "అవి ప్రతి ఏడూ వింటూనే ఉన్నాం డాక్టర్ సాబ్, మీరు రోజూ చేసే పని ఏదో అది చెప్పండి" అన్నారు. మేము రోజూ చేసే పని చీకటి గదిలో కూర్చుని, మనిషి గుండెను తెర మీద చూడటము. దానినే ఎకో అంటారు. మీలో చాలామంది "గుండె స్కానింగు" అంటారు. ఏ పేరైనా ఒకటే.

అయితే ఎకో గురించి మొత్తం చెప్పబోవడం లేదు. భోజనాల వేళ దగ్గర పడుతున్నది, వంటవాళ్ళు ఇప్పటికే రెండుసార్లు తొంగి చూశారు. ఒక్క విషయమే చెప్పదలచుకొన్నాము. మన ప్రాంతంలో గుండె వాల్వు చెడిందని తెలియగానే, అది కీళ్ళవాతపు జ్వరం వల్లనే వచ్చిందని అందరమూ అనుకుంటాము. మీరూ అనుకుంటారు, డాక్టర్లమూ అనుకుంటాము. ఎక్కువసార్లు అది నిజమే. కాని కాని సందర్భాలు కూడా ఉన్నవి. ఆ కొద్దిమందిని వేరుచేసి చూపించేది ఈ ఎకో యంత్రము. యంత్రం చూపినా మనిషి చూడకపోతే ఏమవుతుందో కూడా చెప్పవలసి ఉన్నది. ఆ తప్పు చేసినవారిలో మేమూ ఉన్నాము.

ముందు తలుపుల సంగతి చెబుతాము. గుండెలో నాలుగు గదులు, నాలుగు తలుపులు. మన ఇంటి తలుపుల వలె అటూ ఇటూ తిరిగేవి కావు. ఒక్కవైపే తెరుచుకునేవి. పల్చటి పొరల వంటి రెక్కలు, రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. వీటికి రెండే రోగాలు. తెరుచుకోవలసినంత తెరుచుకోకపోవడము, మూసుకోవలసినప్పుడు మూసుకోకపోవడము. ఎడమవైపు పై గదికి, కింది గదికి మధ్య ఉన్న తలుపును మైట్రల్ వాల్వు అంటారు. దీనికి రెండు రెక్కలు. ఆ రెక్కల అంచులకు సన్నని దారాలు, ఆ దారాలు కింది గదిలోని రెండు కండర స్తంభాలకు కట్టి ఉంటాయి. గొడుగు బట్టకు కమ్మీలున్నట్లు అనుకోండి. ఈ రెండు స్తంభాల మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాము.

కీళ్ళవాతపు జ్వరం సాధారణంగా 5 మొదలు 15 ఏళ్ళ పిల్లలకు వస్తుంది. గొంతునొప్పితో మొదలై, కొన్ని వారాల తరువాత జ్వరం, మోకాళ్ళు, చీలమండలు వాచటము. "కీళ్ళను నాకి గుండెను కరుస్తుంది" అని మా గురువులు పాఠం చెప్పేటప్పుడు అనేవారు. కీళ్ళ వాపు తగ్గిపోతుంది, మచ్చ వాల్వు మీద మిగులుతుంది. ఏళ్ళు గడిచిన కొద్దీ రెక్కల అంచులు దళసరెక్కి, రెండు రెక్కలు కలిసే మూలలు అతుక్కుపోతాయి. తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మైట్రల్ వాల్వు రంధ్రం 4 మొదలు 6 చదరపు సెంటీమీటర్లు. అది ఒకటిన్నరకు గాని అంతకు తక్కువకు గాని దిగితే తీవ్రమైనదని లెక్క. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు, గర్భం వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకంటే గర్భవతికి ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. రక్తం పెరిగింది, తలుపు మాత్రం పెరగలేదు.

స్టెతస్కోపుతో వింటే ఈ ఇరుకు తలుపు చప్పుడు వినిపిస్తుంది. కాని చప్పుడు తలుపు ఇరుకైనదని చెబుతుంది గాని, ఎందుకు ఇరుకైనదో చెప్పదు. ఇంటి బయట నిలబడి తలుపు కిర్రుమనడం విన్నవాడికి, అది తుప్పుపట్టిన మడతబందో, వంకరగా దిగిన చట్రమో ఎలా తెలుస్తుంది?

ఈ చిక్కే 1950ల మొదట్లో స్వీడన్ దేశంలో లుండ్ పట్టణంలోని ఇంగె ఎడ్లర్ అనే డాక్టరుకు వచ్చింది. అప్పటికి ఇరుకైన మైట్రల్ వాల్వును ఆపరేషనుతో తెరిచే పద్ధతి వచ్చింది. కాని వాల్వు ఇరుకై ఉన్నదా, కారుతున్నదా ముందే ఖాయంగా తెలియాలి. కారే వాల్వును తెరిస్తే మనిషికి మరింత కీడు. ఆయనకు హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త తోడైనాడు. హెర్ట్జ్ మాల్మో పట్టణంలో ఓడలు కట్టే కర్మాగారానికి వెళ్ళి, ఇనుములో పగుళ్ళు కనిపెట్టే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని తన గుండె మీదనే పెట్టుకుని చూశాడు. గుండె కదలికకు ప్రతిధ్వని కదిలింది! ఓడ పగులు చూసే యంత్రము మనిషి గుండె చూసింది. తరువాత సీమెన్స్ కంపెనీ నుండి ఒక యంత్రం అరువు తెచ్చుకుని, 1953 అక్టోబరు 29న మొదటిసారి గుండె ప్రతిధ్వని కదలికను నమోదు చేసినారు. 1977లో ఈ ఇద్దరికీ అమెరికాలో లాస్కర్ బహుమానం ఇచ్చినారు.

ఈ కథలో అందరూ చెప్పని ముక్క ఒకటి ఉన్నది, మాకు అదే ఎక్కువ ఇష్టము. ఎడ్లర్‌కు తెరమీద ఒక గీత చాలా స్పష్టంగా, వేగంగా కదులుతూ కనిపించేది. అది ఎడమ పై గది గోడ నుండి వస్తున్నదని ఆయన మొదట అనుకున్నాడు. అనుమానం తీరలేదు. మరణానికి దగ్గరలో ఉన్న రోగులలో ఆ ప్రతిధ్వని ఏ చోటు నుండి, ఏ దిశలో వస్తున్నదో ఛాతీ మీద గుర్తుపెట్టి, మరణించిన తరువాత అదే గుర్తు గుండా మంచు పగలగొట్టే సూది వంటి దానిని దించి, అది ఎక్కడ తేలుతుందో చూసినాడు. గోడ కాదు, మైట్రల్ వాల్వు ముందు రెక్క! తన మొదటి మాట తప్పని తానే రుజువు చేసుకున్నాడు. యంత్రం నిజమే చూపింది. చదివిన మనిషి పొరపడినాడు, మళ్ళీ సరిదిద్దుకున్నాడు.

ఎకోలో వాడే శబ్దం మన చెవికి వినిపించదు. సెకనుకు 20 వేల కంపనాలు దాటితే మనిషి చెవికి అందదు. గుండెకు వాడేది పెద్దలలో సామాన్యంగా సెకనుకు 20 లక్షల నుండి 50 లక్షల దాకా. అది ఒంట్లో సెకనుకు 1540 మీటర్ల చొప్పున పోయి, తగిలిన చోట కొంత వెనక్కు వస్తుంది. పోయి వచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడతారు. బావిలో రాయి వేసి నీళ్ళ లోతు ఊహించినట్లే. రక్తం ఎంత వేగంతో పోతున్నదో చూసే పద్ధతిని డాప్లర్ అంటారు. ఆ వేగం నుండి వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడి తేడాను లెక్కగట్టే ఉపాయాన్ని 1970లలో నార్వే డాక్టర్లు హోలెన్, లివ్ హాట్లే వంటివారు వాడుకలోకి తెచ్చారు. లెక్క ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా వస్తుంది. వేగాన్ని వేగంతో గుణించి, దానిని 4తో గుణించాలి. సెకనుకు 4 మీటర్ల వేగమైతే 64 మిల్లీమీటర్ల ఒత్తిడి. అంతకుముందు ఈ సంఖ్య కోసం గుండెలోకి గొట్టం ఎక్కించవలసి వచ్చేది.

ఇక మా సంగతి.

పేరు చెప్పము, ఊరు కూడా రాయచోటి వైపు అని మాత్రమే చెబుతాము. 22 ఏళ్ళ అమ్మాయి, నిఖా అయి ఏడాది దాటింది, అయిదో నెల గర్భం. నాలుగు దిండ్లు పెట్టుకుంటే గాని పడుకోలేకపోతున్నది. తల్లి వెంట వచ్చింది. "పదమూడో ఏట వాల్వు చెడిందన్నారు సాబ్. అప్పటి నుంచి ఇరవై ఒక్క రోజులకొక సూది, తొమ్మిదేళ్ళు. ఒక్కటి తప్పలేదు. పండగ రోజైనా తప్పలేదు" అన్నది. లెక్కవేయండి, నూటయాభై దాటినవి. పెన్సిలిన్ సూది ఎంత నొప్పో వేయించుకున్న పిల్లలకు తెలుసు.

బెలూనుతో వాల్వు తెరవటానికి ఏర్పాట్లు జరిగినాయి. జపాన్ డాక్టరు ఇనౌయె 1984లో లోకానికి చెప్పిన పద్ధతి అది. తొడ నరం గుండా బెలూన్ పంపి, వాల్వు మధ్యలో ఉబ్బిస్తారు. అతుక్కున్న మూలలు విడిపోతాయి. రుమాటిక్ వాల్వుకు ఎంతో మేలైన పద్ధతి, గర్భవతులను కూడా ఎందరినో కాపాడింది. అయితే ఒక షరతు: మూలలు అతుక్కుని ఉండాలి. ఉన్న అతుకును విడదీస్తుందే గాని, అతుకే లేని చోట బెలూన్ చేసేదేమీ లేదు. రెక్క చిరిగితే అప్పటికప్పుడు ప్రాణాపాయము.

బెలూన్ చేయబోయే డాక్టరు మమ్మల్ని అడిగింది ఒక్కటే: "మూలలు ఎలా ఉన్నాయో చూసి చెప్పండి." పాత కాగితాలు తీశాము. మూడేళ్ళ క్రితం ఎకో ఒకటి ఉన్నది. "రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్" అని రాసి ఉన్నది. కింద సంతకం మాదే!

ఆ రోజు ఏం జరిగి ఉంటుందో మాకు తెలుసు. పంపిన చీటీ మీద "రుమాటిక్" అని ఉన్నది, పిల్ల వయసు సరిపోయింది, వాల్వు ఇరుకుగా ఉన్నది. బయట బెంచీ మీద నలభై మంది కూర్చుని ఉన్నారు. ఒత్తిడి కొలిచాము, రంధ్రం కొలిచాము, చీటీలో ఉన్న మాటనే మళ్ళీ రాసి పంపాము. కొలతలు తప్పు కావు. కారణం తప్పు.

ఈసారి మేము నిదానంగా చూశాము. రుమాటిక్ వాల్వులో ముందు రెక్క తెరుచుకునేటప్పుడు మోకాలు మడిచినట్లు వంగుతుంది. ఎందుకంటే కొస అతుక్కుని కదలదు, నడుమ మాత్రం ముందుకు ఉబ్బుతుంది. ఈ అమ్మాయి రెక్కలో ఆ వంపు లేదు. అంచులు పల్చగానే ఉన్నాయి. గుండెను అడ్డంగా కోసినట్లు చూసే కోణంలో రుమాటిక్ వాల్వు చేప నోరు వలె కనిపిస్తుంది, రెండు మూలలూ కుట్టేసినట్లుంటాయి. ఇక్కడ మూలలు విడిగానే ఉన్నాయి. రంధ్రం మాత్రం నడుమన లేదు, ఒక పక్కకు జరిగి ఉన్నది. అప్పుడు ప్రోబును కొంచెం కిందికి దించాము. ఇందాక గుర్తుంచుకోమన్న రెండు స్తంభాలు ఆ కోణంలో గడియారంలో 4 అంకె దగ్గర ఒకటి, 8 అంకె దగ్గర ఒకటి కనిపించాలి. ఈ అమ్మాయికి ఒక్కటే ఉన్నది. రెండు రెక్కల దారాలన్నీ వచ్చి ఆ ఒక్క స్తంభానికే కట్టుకుని ఉన్నాయి. విమానం నుండి దూకేవాడి పారాచూట్ తాళ్ళన్నీ ఒక్కచోట చేరినట్లు. దీని పేరే పారాచూట్ మైట్రల్ వాల్వు. జ్వరం వల్ల వచ్చినది కాదు, తల్లి గర్భంలో గుండె తయారయ్యేటప్పుడే ఏర్పడినది. పెద్దయ్యేదాకా బయటపడకుండా ఉండటం అరుదు, కాని ఉంటుంది.

ఇలాంటిది ఒకటి కనిపిస్తే అక్కడితో ఆగరాదు. 1963లో షోన్ అనే డాక్టరు, ఆయన తోటివారు, ఈ పారాచూట్ వాల్వుతో పాటు వాల్వుకు పైన ఒక వలయము, బృహద్ధమని వాల్వు కింద ఇరుకు, కిందికి దిగే బృహద్ధమనిలో నొక్కు, ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసి రావచ్చునని రాసినారు. అందుకని గొంతు కింది గుంటలో ప్రోబు పెట్టి బృహద్ధమని చూశాము, చేతికీ కాలికీ బి.పి. కొలిపించాము. అల్హందులిల్లాహ్, అవేవీ లేవు.

బెలూన్ ఆగిపోయింది. గుండె వేగం తగ్గించే మాత్రలు, నీరు తీసే మాత్రలు, మంచం మీద విశ్రాంతి. వారానికొకసారి ఎకో. ఎనిమిదో నెల దాటిన తరువాత కాన్పు చేసినారు, తల్లీ బిడ్డా క్షేమము. కొన్ని నెలల తరువాత సర్జన్లు ఆ ఒక్క స్తంభాన్ని నిలువునా చీల్చి, అతుకు దారాలు విడదీసి, తలుపు తెరుచుకునేలా చేసినారు. పెన్సిలిన్ సూదులు కూడా, అందరమూ కూర్చుని ఆలోచించుకున్న తరువాత, ఆపించాము.

మేము ఆ తల్లికి జరిగినదంతా చెప్పాము. మూడేళ్ళ క్రితం మేము సరిగా చూడలేదని కూడా చెప్పాము. కోప్పడుతుందనుకున్నాము. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అడిగినది వేరే: "అయితే ఇది పుట్టుకతోనే వచ్చిందా సాబ్? మేము పెంచడంలో తప్పేం లేదుగా? జబ్బు దాచి పిల్లనిచ్చారంటున్నారు సమ్ధీ వాళ్ళు. ఆ మాట కాగితం మీద రాసిస్తారా?" రాసిచ్చాము. ఎకో రిపోర్టు ఎన్నివేలసార్లు రాశామో గాని, అంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ప్రసంగం విని ఎవరూ సూదులు ఆపవద్దు! రుమాటిక్ జబ్బు నిజంగా ఉన్న పిల్లలకు పెన్సిలిన్ ఎంత మేలు చేస్తుందో ఉగాండా దేశంలో 818 మంది పిల్లలలో పరీక్షించి చూసినారు. వాళ్ళంతా ఎకోలో మాత్రమే జబ్బు బయటపడిన పిల్లలు. రెండేళ్ళలో సూది వేసిన వారిలో నూటికి ఒకరికన్నా తక్కువమందికి వాల్వు ముదిరింది. వేయనివారిలో నూటికి ఎనిమిది మందికి. సూది వేయాలా వద్దా అన్నది మీరు తేల్చేది కాదు, ఎకో, డాక్టరు కలిసి తేల్చేది.

మరో రకం అరుదైన వాల్వు జబ్బు ఉన్నది, అది మందుల వల్ల వచ్చేది. 1990లలో అమెరికాలో బరువు తగ్గటానికి ఫెన్‌ఫ్లురమిన్, ఫెంటర్మిన్ అనే రెండు మాత్రలు కలిపి లక్షలాది మంది వాడినారు. నార్త్ డకోటా రాష్ట్రంలో ఫార్గో అనే ఊరిలో ఎకో తీసే ఒక ఉద్యోగిని, డాక్టరు కాదు సుమా, ఆ మాత్రలు వాడే స్త్రీల వాల్వులలో ఒక వింత గమనించింది. రెక్కలు తెల్లగా మెరుస్తూ దళసరెక్కి ఉన్నాయి, కదలిక మొద్దుబారింది, రక్తం వెనక్కు కారుతున్నది. చూడటానికి రుమాటిక్ వలె ఉన్నది గాని, ఆ దేశంలో ఆ వయసులో అంతమందికి రుమాటిక్ ఎలా వస్తుంది? ఆమె ఊరుకోలేదు, తమ డాక్టరుకు చూపించింది, ఆయన మాయో క్లినిక్ వారికి చూపించినాడు. 1997 ఆగస్టులో 24 మంది స్త్రీల వివరాలు ప్రచురించారు. సెప్టెంబరులో ఫెన్‌ఫ్లురమిన్ మార్కెట్టు నుండి వెళ్ళిపోయింది. ఆపరేషనులో తీసిన వాల్వులను సూక్ష్మదర్శినిలో చూస్తే, పేగులలో కార్సినాయిడ్ అనే గడ్డ వచ్చిన వారి వాల్వుల మాదిరే ఉన్నాయి. రెండింటికీ మూలం సెరటోనిన్ అనే రసాయనం చేసే పని. కార్సినాయిడ్‌లో సాధారణంగా కుడివైపు వాల్వులే చెడతాయి. ఎందుకంటే ఆ రసాయనాన్ని ఊపిరితిత్తులు విరిచివేస్తాయి, ఎడమవైపుకు పోనివ్వవు.

ఫ్రాన్సులోనూ ఇదే కథ. బెన్‌ఫ్లురెక్స్ అనే మందు వల్ల వాల్వులు చెడుతున్నాయని బ్రెస్ట్ పట్టణంలోని ఇరెన్ ఫ్రాషోన్ అనే లేడీ డాక్టరు పట్టుబట్టి నిరూపించేదాకా ఎవరూ పట్టించుకోలేదు. 2009 నవంబరులో ఆ మందు ఆపినారు, 2021లో కోర్టు ఆ కంపెనీని దోషిగా తేల్చింది. ఇది ఎందుకు చెబుతున్నామంటే, మన బజారులోనూ నెలలో పది కిలోలు తగ్గిస్తామని పేరూ ఊరూ లేని పొడులు అమ్ముతున్నారు. అందులో ఏమున్నదో అమ్మేవాడికీ తెలియదు. పెళ్ళి కుదిరిన ఆడపిల్లలే ఎక్కువగా కొంటున్నారని విన్నాము. ఎకోకు వచ్చినప్పుడు ఏ మందు, ఏ పొడి, ఎన్నాళ్ళు మింగారో దాచకుండా చెప్పండి. మేము మీ అత్తగారికి చెప్పము. వణుకు రోగానికి వాడే కేబర్గోలిన్ మాత్రలు పెద్ద మోతాదులో వాడితే వాల్వు చెడే ప్రమాదమున్నదని 2007లో తేలింది. అయితే ప్రొలాక్టిన్ ఎక్కువని అదే మాత్ర కొద్ది మోతాదులో వాడే స్త్రీలు కంగారు పడనక్కరలేదు, మీ డాక్టరును అడిగి చూడండి, చాలు.

మాటిమాటికీ గర్భం పోతున్న స్త్రీలలో, చిన్నవయసులో పక్షవాతం వచ్చినవారిలో కూడా ఒక్కొక్కసారి వాల్వు మీద చిన్న పులిపిరుల వంటివి కనిపిస్తాయి. సూక్ష్మజీవి వల్ల వచ్చినవి కావు. 1924లో లిబ్‌మన్, శాక్స్ అనే ఇద్దరు న్యూయార్క్ డాక్టర్లు వీటిని వర్ణించారు. రక్తం గడ్డకట్టే స్వభావం ఎక్కువైన వారిలో ఇవి వస్తాయి. గర్భం పోయిన ప్రతిసారీ దిష్టి తగిలిందని తాయెత్తు కట్టేవారు కట్టుకోండి, మేము వద్దనము. దానితో పాటు రక్తపరీక్ష, ఎకో కూడా చేయించండి.

కుడివైపు తలుపు ఉండవలసిన చోటు కన్నా కిందికి జారి పుట్టే ఎబ్‌స్టైన్ జబ్బు 1866 నుండి వైద్యులకు తెలుసు. కాని అప్పుడు చనిపోయిన తరువాతే తెలిసేది. ఇప్పుడు ఎకోలో మైట్రల్ రెక్క మొదలు ఎక్కడున్నదో, ఇది ఎక్కడున్నదో రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. దేహ వైశాల్యం చదరపు మీటరుకు 8 మిల్లీమీటర్లు, అంతకు మించి కిందికి జారితే అదే జబ్బు.

ఎకో సర్వజ్ఞత గలది కాదు. శబ్దం గాలిలోంచి, ఎముకలోంచి సరిగా పోదు. ఒళ్ళు బాగా లావైనవారికి, ఊపిరితిత్తులు ఉబ్బినవారికి చిత్రం మసకగా వస్తుంది. డాప్లర్ కిరణము రక్తధారకు వాలుగా పడితే వేగం తక్కువ చూపిస్తుంది, తీవ్రమైన జబ్బు మామూలుగా కనిపిస్తుంది. అప్పుడు గొట్టం మింగించి, ఆహారనాళం నుండి, గుండె వెనుక నుండి చూస్తారు. అందుకు సుమారు ఆరు గంటలు ఏమీ తినకుండా రావాలి. ఈ మాట చెబితే ఒక పెద్దాయన, "ఉపవాసం మాకు నేర్పుతారా డాక్టర్ సాబ్" అని నవ్వినాడు.

అక్కచెల్లెళ్ళతో ఒక మాట. ఎకోకు ఎడమవైపు తిరిగి పడుకోవాలి, ఛాతీ ఎడమ భాగం మీద ప్రోబు పెట్టాలి. ఈ ఒక్క కారణం చేతనే ఆరు నెలలు, ఏడాది వాయిదా వేసినవారిని చూశాము. ముందే ఫోను చేసి, ఆడమనిషి ఎకో తీసే రోజు ఏదో అడగండి. దుపట్టా కప్పుకునే చేయించుకోవచ్చు, ప్రోబు పట్టేంత చోటు చాలు. తల్లినో వదిననో గదిలో ఉండనివ్వమని అడగండి, ఒప్పుకుంటారు. వాల్వు జబ్బు ఉన్న పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఆ విషయం ముందే చెప్పండి. నిఖా తరువాత గర్భం ధరించకముందే ఎకో తీయించండి, అయిదో నెలలో కాదు. రిపోర్టు కాగితంతో పాటు కదిలే చిత్రాలను కూడా సి.డి. మీదనో పెన్‌డ్రైవులోనో అడిగి తీసుకోండి. కాగితం మీద ఒకరి అభిప్రాయమే ఉంటుంది. మా పాత కాగితం ఎలా ఉన్నదో విన్నారు గదా.

రెండు చీటీలు వచ్చినవి. మొదటిది: "వాల్వు మార్చాలంటే పంది వాల్వు పెడతారట, నిజమా?" పంది వాల్వుతో చేసినవి ఉన్నాయి. ఎద్దు, ఆవుల గుండె పైపొరతో చేసినవీ ఉన్నాయి, లోహంతో చేసినవీ ఉన్నాయి. మన దేశంలోనే తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో తయారైన యంత్ర వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చినారు. ఆపరేషనుకు ముందే సర్జనును అడగండి, ఏది పెడుతున్నారో చెబుతారు. యంత్ర వాల్వు పెడితే రక్తం పల్చబడే మాత్ర జీవితాంతం వాడాలి, ఆ మాత్ర గర్భిణికి చిక్కు తెస్తుంది. అది కూడా అప్పుడే అడగండి. మతపరమైన ప్రశ్నకు మౌల్వీ సాబ్ ఇక్కడే ఉన్నారు, వారిని అడగండి.

రెండో చీటీ పరదా వెనుక నుండి వచ్చినది, దస్తూరీ చూస్తే చదువుకునే పిల్ల రాసినట్లున్నది: "గర్భంతో ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఎకో తీస్తే బిడ్డకు చెడు?" అమ్మా, ఇది ఎక్స్‌రే కాదు, శబ్దం మాత్రమే. ఇందాక చెప్పిన అమ్మాయికి వారం వారం తీశాము. బిడ్డ కడుపులో ఉండగానే బిడ్డ గుండె కూడా చూడవచ్చు, 18 వారాలు దాటిన తరువాత బాగా కనిపిస్తుంది. ఆ అమ్మాయికి పుట్టినవాడి గుండెను మేము కడుపులో ఉండగా ఒకసారి, పుట్టిన తరువాత ఒకసారి చూశాము. స్తంభాలు రెండూ ఉన్నాయి.

భోజనాలకు పిలుపు వచ్చినట్లున్నది. సెలవు. ఖుదా హాఫిజ్.